ఛాయాచిత్రముల తరలింపు: వెంట వచ్చునవి, వెనుక మిగులునవి

మనుష్యుడు ఇల్లు మారునప్పుడు సామాను బండికెత్తించి, ఖాళీ గదులను మరియొకసారి కలయజూచి, గోడ మేకులకు ఏమైన వ్రేలాడుచున్నదేమో పరికించి, పిదప తాళము వేయును. తాళపుచెవి ఇంటి యజమానికి అప్పగించిన తరువాత మరచిన వస్తువును గూర్చి విచారించి ప్రయోజనము లేదు. నేడు మన కుటుంబముల ఫోటోలు, కళాశాలల ఫోటోలు బీరువాలలో గాక, ఎక్కడనో దూరముననున్న సంస్థల కంప్యూటర్లలో ఉన్నవి. వాటిని ఒక సంస్థ నుండి మరియొక సంస్థకు మార్చుకొనవలసిన అవసరము ఎందరికో కలుగుచున్నది. ఆ మార్పు ఎట్లు జరుగును, అందు ఏది భద్రముగా చేరును, ఏది దారిలో జారిపోవును అను విషయములను విద్యార్థులకును, కళాశాల కార్యవర్గమునకును విన్నవించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. గత విద్యాసంవత్సరమున మా సంచికా సంఘము ఈ పనికి పూనుకొని, ఒక పెద్ద నష్టమును వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ పాఠమును మేము నేర్చుకొన్న తీరుననే ఇచ్చట చెప్పదలచితిమి.

క్లౌడ్ నిల్వ అనగానేమి?

క్లౌడ్ అను మాటకు మేఘమని అర్థము. కాని అది ఆకాశమున నుండునది కాదు. పెద్ద పెద్ద భవనములలో వేలకొలది కంప్యూటర్లను వరుసలుగా నిలిపి, రేయింబవళ్లు విద్యుత్తు నిచ్చి, చల్లబరచుచు నడుపు నిల్వశాలలకే ఆ పేరు. మన ఫోనులో తీసిన ఫోటో ఇంటర్నెట్టు ద్వారా ఆ నిల్వశాలకు పోయి, అచ్చట ఒక ప్రతిగా దాచబడును. ఫోను పోయినను ఫోటో పోదు. ఇది దాని గొప్ప సౌకర్యము. అయితే ఆ నిల్వశాల మన సొంతము కాదు. అందు మనము అద్దెకున్నవారము. కొంత స్థలము ఉచితముగా లభించును. గూగుల్ సంస్థ 15 గిగాబైట్లు, ఆపిల్ సంస్థ 5 గిగాబైట్లు ఉచితముగా నిచ్చుచున్నవి. అంతకు మించినచో నెలసరి రుసుము చెల్లించవలెను.

మార్పు ఎందులకు?

“ఉన్నచోటనే ఉండరాదా?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ పాతిక సంవత్సరముల చరిత్రను చూచినచో సమాధానము దొరకును. యాహూ సంస్థ తన ఫోటో నిల్వను 2007లో మూసివేసినది. ఫిల్ము తయారీలో ప్రపంచప్రసిద్ధి గాంచిన కొడాక్ సంస్థ యొక్క ఇంటర్నెట్టు గ్యాలరీ 2012లో మూతపడి, అందలి ఫోటోలు షట్టర్‌ఫ్లై అను వేఱొక సంస్థకు తరలింపబడినవి. గూగుల్ తన పికాసా సేవను 2016లో విరమించినది. ఫ్లికర్ సంస్థ ఉచిత ఖాతాలకు 1,000 ఫోటోలు మాత్రమే అను హద్దును 2018లో ప్రకటించినది. గూగుల్ ఫోటోస్ 2015లో ఆరంభమైనపుడు, కొంత నాణ్యత తగ్గించిన ఫోటోలకు హద్దులేని ఉచిత నిల్వ నిచ్చినది. 2021 జూన్ 1 నుండి ఆ వసతి తొలగినది.

దీనిని బట్టి ఏ సంస్థనైనను నిందించుట మా అభిమతము కాదు. అద్దె ఇంటిలో నున్నవానికి ఎన్నడో ఒకనాడు ఇల్లు మారవలసి వచ్చుట సహజమని మాత్రమే మా తాత్పర్యము. స్థలము నిండుట, రుసుము పెరుగుట, ఫోను మార్చుట, ఖాతాదారుడు ఉద్యోగ విరమణ చేయుట అనునవి తక్కిన కారణములు.

చిత్రము వేఱు, చిత్రమును గూర్చిన సమాచారము వేఱు

ఈ వ్యాసమునకు ప్రాణమైన విషయము ఇదియే. పాతకాలపు ఫోటో అట్టను త్రిప్పి చూచినచో వెనుకవైపున తేది, ఊరు, అందున్నవారి పేర్లు వ్రాసియుండెడివి. ముందువైపు చిత్రము, వెనుకవైపు సమాచారము ఒకే కాగితమున నుండుటచే అవి విడిపోవుటకు వీలు లేకుండెడిది. నేటి ఫోటోలో అట్లు కాదు. సమాచారము రెండు తావులలో నుండును.

మొదటిది ఫోటో ఫైలు యొక్క గర్భమున నుండునది. కెమెరాయే స్వయముగా తేది, గంట, కెమెరా పేరు, అనుమతించినచో స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములను ఫైలులో లిఖించును. దీనికి ఎగ్జిఫ్ అని పేరు. 1995లో జపాను దేశమున ఈ ప్రమాణము రూపొందినది. ఫైలు ఎచ్చటికి పోయినను ఇది దానితోనే పోవును.

రెండవది సంస్థ యొక్క పట్టికలో నుండునది. మనము తరువాత చేర్చిన శీర్షిక, సవరించిన తేది, ఆల్బములో అమర్చిన వరుస, ముఖములను గుర్తించి కూర్చిన వర్గములు, ఎవరెవరు చూడవచ్చునను అనుమతులు ఫోటోలో లేవు. అవి ఆ సంస్థ వారి లెక్కల పుస్తకములో ఉన్నవి. ఫోటోను మాత్రమే తీసికొని బయలుదేరినచో ఇవి వెనుకనే మిగులును.

ఎగ్జిఫ్ లేని ఫోటోలు కూడ ఎన్నియో కలవు. స్కానరుపై నుంచి తీసిన పాత ఫోటోలో స్కాను చేసిన నాటి తేదియే ఉండును, లేదా ఏ తేదియు ఉండదు. వాట్సాప్ ద్వారా ఫోటోగా పంపిన చిత్రము నుండి ఎగ్జిఫ్ సమాచారము తొలగిపోవును, చిత్రము యొక్క నాణ్యతయు తగ్గును. గల్ఫు దేశములలో నున్న తండ్రులకు, సోదరులకు ఇంటి శుభకార్యముల ఫోటోలను వాట్సాప్‌లో పంపి, అసలు ప్రతులను ఫోను నుండి చెరిపివేయు కుటుంబములు మనలో ఎన్నియో ఉన్నవి. అట్టివారు పంపుటకు ముందే అసలు ప్రతిని వేఱుగా దాచుకొనుట మేలు.

మా అనుభవము

మా సంఘమునకు చెందిన సుమారు 11,000 ఫోటోలు ఒక క్లౌడ్ నిల్వలో ఒక ఉపన్యాసకుల స్వంత ఖాతాలో నుండెడివి. వారు పదవీ విరమణ చేయనుండుటచే ఆ ఫోటోలను వేఱొక సంస్థలో కళాశాల పేర తెరచిన ఖాతాకు మార్చ నిశ్చయించితిమి. ఆ ఫోటోలలో 1970, 1980 దశకముల నాటి తరగతి బృందచిత్రములు సుమారు 90 కలవు. గోడలపై చెదలు పట్టుచుండగా దించి స్కాను చేసినవి అవి. ఉర్దూ శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దలు మూడు మధ్యాహ్నములు మాతో కూర్చుండి, కన్నుల అద్దములను సవరించుకొనుచు, ఒక్కొక్క ముఖమును గుర్తుపట్టి పేర్లు చెప్పగా, మేము వాటిని ఆయా ఫోటోల శీర్షికలలో ఉర్దూలోను, తెలుగులోను వ్రాసితిమి. బృందచిత్రమున ఒక అంచున నిలిచియుండు అటెండరు పేరు కూడ వారు మరువలేదు. ఆ తరువాతి వేసవిలో ఆ పెద్దలు పరమపదించిరి.

పాత సంస్థ నుండి మేము దించుకొన్న కట్టలలో ప్రతి ఫోటోకు తోడుగా ఒక చిన్న అక్షర ఫైలు వచ్చినది. అవి ఏమియో మాకు తెలియలేదు. స్థలము దండుగ యనుకొని వాటిని తీసివేసి, ఫోటోలను మాత్రమే క్రొత్త ఖాతాలోనికి ఎక్కించితిమి. లెక్క సరిపోయినది. అందరమును సంతోషించితిమి. పాత ఖాతాను రాబోవు సోమవారమున మూసివేయుదమని నిర్ణయించితిమి.

శుక్రవారమునాడు బి.ఎస్సీ. రెండవ సంవత్సరము చదువు విద్యార్థిని ఒకతె వచ్చి, “సార్, 1978 ఫోటోలో రెండో వరసలో మా దాదా పేరు ఉండేది కదా, ఇప్పుడు కనిపించట్లేదు” అన్నది. తెరచి చూచితిమి. పేర్లు లేవు. ఆ ఒక్క ఫోటోయే గాదు, 90 బృందచిత్రములలో ఒక్కదానికిని పేర్లు లేవు. అన్నిటికిని మేము ఎక్కించిన నాటి తేదియే పడియున్నది. ముఖములన్నియు చెక్కుచెదరక నున్నవి, కాని అవి ఎవరివో చెప్పువారు లేరు. మేము పారవేసిన ఆ చిన్న ఫైళ్లలోనే ఆ పేర్లు, తేదులు ఉండెనని అప్పుడు బోధపడినది. తప్పు సంస్థలది కాదు, మా తొందరపాటుది. పాత ఖాతా ఇంకను మూయబడి యుండకపోవుటచే అన్నిటిని మరల దించుకొని, ఎగ్జిఫ్‌టూల్ అను ఉచిత ప్రోగ్రాము సహాయముతో పేర్లను, తేదులను ఫోటో ఫైలులోపలనే లిఖించి, మూడు వారములలో తప్పు దిద్దుకొంటిమి. సోమవారము దాటియున్నచో ఆ పెద్దలు మాకిచ్చిపోయిన మూడు మధ్యాహ్నముల జ్ఞాపకము శాశ్వతముగా పోయియుండెడిది.

తరలింపునకు గల మార్గములు

మార్గములు ముఖ్యముగా రెండు. మొదటిది, ఒక సంస్థ నుండి మరియొక సంస్థకు నేరుగా పంపుట. 2018లో గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, ట్విట్టర్ సంస్థలు కలసి ఇందులకై డేటా ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్టును ప్రకటించినవి. 2019లో ఆపిల్ అందు చేరినది. ఆపిల్ వారి ఐక్లౌడ్ నుండి గూగుల్ ఫోటోస్‌కు నేరుగా పంపు వసతి 2021లోను, గూగుల్ ఫోటోస్ నుండి ఐక్లౌడ్‌కు పంపు వసతి 2024లోను ఏర్పడినవి. ఇందు మన ఫోనుకు గాని, మన ఇంటర్నెట్టుకు గాని శ్రమ లేదు. కోరిక నమోదు చేసినచో కొన్ని దినములలో పని ముగియును. పాతచోట ఫోటోలు చెరిగిపోవు, ప్రతులు మాత్రమే పోవును. అయితే పలువురు పంచుకొను ఆల్బములు మొదలగు కొన్ని వస్తువులు ఈ మార్గమున పోవు. క్రొత్తచోట చాలినంత స్థలము ముందుగానే ఉండవలెను.

రెండవది, ఫోటోలను మొదట మన కంప్యూటరుకు దించుకొని పిదప క్రొత్తచోటికి ఎక్కించుట. గూగుల్ వారి టేకౌట్ అను వసతి 2011 నుండి కలదు. అది ఫోటోలన్నిటిని జిప్ అను కట్టలుగా కట్టి యిచ్చును. ఆ కట్టలకు గడువు ఒక వారము మాత్రమే. ఇందు గమనింపదగిన చిక్కులు కొన్ని యున్నవి. ఒకే ఫోటో సంవత్సరపు అరలోను, ఆల్బపు అరలోను రెండుమార్లు రావచ్చును. తోడుగా వచ్చు జేసన్ అను అక్షర ఫైలు యొక్క పేరు పొడవైనచో కత్తిరింపబడి, ఏ ఫోటోకు ఏది తోడో తెలియక తికమక కలుగవచ్చును. ఆ ఫైలులోని కాలము గ్రీనిచి కాలమునకు సమానమైన ప్రపంచ కాలములో నుండును. మన కాలము దానికి 5 గంటల 30 నిమిషములు ముందు. రంజాన్ మాసమున తెల్లవారుజామున 4 గంటలకు వసతిగృహములో సహరీ వేళ తీసిన ఫోటోను ఈ తేడా సవరింపక ఎక్కించినచో అది ముందురోజు రాత్రి 10 గంటల 30 నిమిషములకు తీసినదిగా కనిపించును. దినమే మారిపోవును.

ఇతరులు తయారుచేసిన ప్రోగ్రాముల ద్వారా గూగుల్ ఫోటోస్ లోని సర్వమును చదివి తరలించు పద్ధతి కూడ పూర్వముండెడిది. 2025 మార్చి 31 తరువాత అట్టి ప్రోగ్రాములు తాము ఎక్కించిన ఫోటోలను మాత్రమే చదువగలవని నియమము మారినది. పాత పుస్తకములలోని ఆ సలహాను నేడు అనుసరింపరాదు.

కొంచెము గణితము

పనికి ముందు లెక్క వేసికొనుట విద్యార్థి లక్షణము. మా 11,000 ఫోటోలు ఒక్కొక్కటి సగటున 4 మెగాబైట్లు అనుకొన్నచో మొత్తము 44,000 మెగాబైట్లు, అనగా 44 గిగాబైట్లు. 15 గిగాబైట్ల ఉచిత స్థలము చాలదని దీనివలన వెంటనే తెలియును. ఎక్కించు వేగము సెకనుకు 10 మెగాబిట్లయినచో, 8 బిట్లు ఒక బైటు గనుక, అది సెకనుకు 1.25 మెగాబైట్లకు సమానము. 44,000ను 1.25 చేత భాగించగా 35,200 సెకనులు, అనగా సుమారు 9 గంటల 47 నిమిషములు. నడుమ విద్యుత్తు పోవును, సంబంధము తెగును. కావున రెండు రాత్రులు కేటాయించుకొనుట వివేకము. బిట్టును, బైటును ఒకటిగా భావించువాడు సుమారు గంటంబావులో ముగియుననుకొని రాత్రియంతయు మేల్కొనవలసివచ్చును.

రెండు లిపుల చిక్కు

ఉర్దూ, తెలుగు రెండును నేర్పు మన కళాశాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. కంప్యూటరు ప్రతి అక్షరమునకు యూనికోడ్ అను పద్ధతిలో ఒక సంఖ్య నిచ్చును. ‘హైదరాబాదు’ అను పేరులోని ఐత్వమును ఒకే సంఖ్యగా వ్రాయవచ్చును, ఎత్వమునకు క్రింద మరియొక గుర్తు చేర్చి రెండు సంఖ్యలుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటియే. యంత్రమునకు వేఱువేఱు. ఆపిల్ కంప్యూటర్లలో పూర్వము వాడిన ఫైలు పద్ధతి విడదీసిన రూపమునే దాచెడిది. అచ్చటినుండి వచ్చిన పేరును మరియొక యంత్రమున వెదకినచో దొరకకపోవచ్చును.

ఉర్దూలో ఈ చిక్కు మరింత అధికము. ‘కాలేజ్’ అను మాటలోని కాఫ్ అక్షరమునకు ఉర్దూ కీబోర్డు ఒక సంఖ్యను, అరబ్బీ కీబోర్డు వేఱొక సంఖ్యను ఇచ్చును. యే అక్షరమునకును ఇట్లే. గల్ఫులో కొన్న ఫోనుపై అరబ్బీ కీబోర్డుతో వ్రాసిన ఉర్దూ శీర్షికను ఇచ్చటి ఉర్దూ కీబోర్డుతో వెదకినచో ఫలితము శూన్యము కావచ్చును. కనుక ఫైలు పేరులో అంకెలను మాత్రమే వాడి, ఉదాహరణకు సంవత్సరము, నెల, దినము, వరుస సంఖ్య అను క్రమమున వ్రాసి, ఉర్దూ తెలుగు పేర్లను ఫోటోలోపలి శీర్షికలోను, ఒక కాగితపు పట్టికలోను ఉంచుట క్షేమకరమని మేము అనుభవముమీద తెలిసికొంటిమి.

అనుసరింపవలసిన క్రమము

1. పాత ఖాతాలోని ఫోటోల సంఖ్యను, ఆల్బముల సంఖ్యను, మొత్తము పరిమాణమును ఒక కాగితముపై వ్రాసికొనవలెను.

2. సమాచారముతో సహా సర్వమును ఒక హార్డ్ డిస్కునకు దించుకొనవలెను. అర్థము కాని ఫైలును పారవేయరాదు.

3. పది ఫోటోలను మాత్రమే ముందుగా క్రొత్తచోటికి పంపి పరీక్షింపవలెను. ఆ పదింటిలో ఒకటి స్కాను చేసినది, ఒకటి వాట్సాప్‌లో వచ్చినది, ఒకటి ఉర్దూ శీర్షిక గలది, ఒకటి వీడియో ఉండవలెను.

4. తేది, పేరు, స్థలము, నాణ్యత సరిగా చేరినవని తేలిన పిదపనే తక్కిన వాటిని పంపవలెను. క్రొత్తచోట అసలు నాణ్యతతో దాచు ఏర్పాటును ఎన్నుకొనుట మరువరాదు.

5. అనుమతులను క్రొత్తగా నిర్ణయింపవలెను. పాత లింకులు క్రొత్తచోట పనిచేయవు. త్వరలో పని ముగియవలెనని “లింకు ఉన్న ఎవరైనను చూడవచ్చును” అను ఏర్పాటు చేసినచో విద్యార్థినుల ఫోటోలు ఎవరెవరి చేతికి పోవునో చెప్పజాలము. ఈ విషయమున అశ్రద్ధ క్షమింపరానిది.

6. సంఖ్య సరిపోయినంత మాత్రమున తృప్తి చెందరాదు. మేము మోసపోయినది అచ్చటనే. ప్రతి ఆల్బము నుండి కొన్ని ఫోటోలను తెరచి, శీర్షికను చదివి చూడవలెను.

7. పాత ఖాతాను కనీసము ఒక విద్యాసంవత్సరము మూయరాదు.

కార్యవర్గమునకు విన్నపము

ఐరోపా దేశములలో 2018 మే 25 నుండి అమలులోనికి వచ్చిన చట్టము, తన సమాచారమును ఒక సంస్థ నుండి మరియొక సంస్థకు తీసికొనిపోవు హక్కును పౌరునికి ఇచ్చినది. మన దేశమున 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తెలిసికొను హక్కును, దిద్దించు హక్కును, చెరిపించు హక్కును ఇచ్చినది గాని, తరలించుకొను హక్కును ప్రత్యేకముగా పేర్కొనలేదు. కాబట్టి మన జాగ్రత్తయే మనకు రక్ష.

కళాశాల ఫోటోలు ఏ ఒక్కరి స్వంత ఖాతాలోను ఉండరాదని మా మొదటి విన్నపము. రెండు సంవత్సరములు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించు నియమమును గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలుపరచినది. విరమించిన ఉపన్యాసకులో, చదువు ముగిసిన విద్యార్థియో ఖాతాను మరచినచో ఎవరి ద్వేషమును లేకయే చరిత్ర చెరిగిపోవును. ఖాతా కళాశాల పేర నుండి, దాని తాళము ఇద్దరి చేతిలో నుండవలెను. రెండవది, ఛాయాగ్రాహకులు చెప్పు 3-2-1 నియమమును పాటింపవలెను. అనగా మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, అందు ఒక ప్రతి వేఱొక తావున. గ్రంథాలయపు బీరువాలో ఒక హార్డ్ డిస్కునకు స్థలమిచ్చుట భారము కాదు. మూడవది, ప్రతి బృందచిత్రమునకు పేర్ల పట్టికను కాగితముపై వ్రాయించి దాచవలెను. పేర్లు చెప్పగల పెద్దలు ఇంకను మన మధ్య నుండగనే ఆ పని జరుగవలెను.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులలో మీ ఇంటి ఫోటోలను ఒకసారి తెరచి చూడుడు. నానమ్మ, దాదీ, అమ్మమ్మ, నానీ మీ ప్రక్కన కూర్చుండగా, “ఇది ఎవరు? ఇది ఏ ఊరు?” అని అడిగి, వారు చెప్పిన దానిని ఫోటోలోపల వ్రాసి పెట్టుడు. యంత్రము ముఖమును దాచగలదు గాని, పేరును మనము చెప్పినగాని ఎరుగదు. 1978 నాటి ఆ చిత్రమున రెండవ వరుసలో నున్న యువకుని పేరు ఇప్పుడు ఫోటోలోను, పట్టికలోను కూడ ఉన్నది. దానిని మరల వ్రాసినది ఆయన మనుమరాలే.